ట్రాము గాడి నుండి గోడ ఛార్జరు దాకా

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వవలసిందని సంఘం కార్యదర్శిగారు మమ్మల్ని కోరినప్పుడు, ఆయన మనస్సులో ఉన్నది బహుశా కోట గోడల సంగతో, తంగసాల వీధి పూర్వ వైభవమో అయి ఉంటుంది. వాటిని గురించి మాకంటె బాగా తెలిసినవారు చాలామంది వ్రాశారు, ఇక ముందూ వ్రాస్తారు. మేము ఎన్నుకున్నది వేరొక విషయం. ఈ మధ్య జార్జి టౌనులో మన తెలుగు కుటుంబాలు ఏ ఇంటికి వెళ్ళినా ఇదే మాట: పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు, కరెంటు కారు కొన్నారు, దానికి కరెంటు ఎక్కించే పెట్టెను ఇంటి బయటి గోడకు బిగించుకున్నారు. ఆ ఫోటో రాగానే ఇక్కడి తల్లిదండ్రులకు ఒక గుబులు పట్టుకుంటుంది. "అంత మంచులో, ఆ తడిలో, కరెంటు తీగ చేత్తో పట్టుకుంటే ప్రమాదం కాదుటండీ?" అని మమ్మల్ని అడిగినవారు ఒకరిద్దరు కాదు. రైల్వేలో ఉద్యోగం కాబట్టి కరెంటు సంగతులన్నీ మాకు తెలుసునని వారి నమ్మకం. మేము గుమాస్తాలమే గాని ఇంజనీర్లము కాము. అయినా ఆ ప్రశ్నకు జవాబు ఇంజనీరింగు పుస్తకంలో కంటె చరిత్రలోనే బాగా దొరుకుతుందని మా అభిప్రాయం. అందులోనూ ఆ చరిత్ర మొదలయ్యేది మనం రోజూ నడిచే వీధులలోనే.

ఆరుబయట, వానకూ గాలికీ ఎదురుగా, బండికి కరెంటు అందించటం ఎలా? ఈ చిక్కును మన దేశంలో మొట్టమొదట ఎదుర్కొన్న ఊరు చెన్నపట్నం. 1895వ సంవత్సరం మే నెల 7వ తేదీన ఇక్కడ కరెంటు ట్రాము నడిచింది. భారతదేశంలో అదే మొదటిది. కలకత్తాకు కరెంటు ట్రాము 1902లో వచ్చింది, బొంబాయికి 1907లో, ఢిల్లీకి 1908లో. మనలను ఏలుతున్న లండను నగరంలోనే 1901 దాకా శాశ్వతమైన కరెంటు ట్రాము దారి లేదు. పారీసు మూల దగ్గర నిలబడి బస్సు కోసం విసుక్కునే మన కుర్రవాళ్ళకు ఈ సంగతి చెప్పితే నమ్మరు.

ఆనాటి ట్రాముకు, ఇప్పుడు మనం రైళ్ళకు చూస్తున్నట్లు, పైన తీగ లేదు. పట్టాల నడుమ రోడ్డు క్రింద సన్నని కాలువ కట్టి, దానిలో కరెంటు కమ్మీలు అమర్చారు. రోడ్డు మీదికి కనిపించేది ఒక చీలిక మాత్రమే. ట్రాము అడుగు నుండి నాలుక వంటిది ఒకటి ఆ చీలికగుండా లోపలికి దిగి, కమ్మీలను రాసుకుంటూ కరెంటు అందుకునేది. ఈ పద్ధతికి ఒక సుగుణం ఉన్నది. వీధిలో స్తంభాలు అక్కరలేదు, తలపైన తీగలు అక్కరలేదు, దారిన పోయేవారికి కరెంటు తగిలే భయం లేదు. లండనులో ఇటువంటి కాలువ ట్రాములు 1952 దాకా నడిచాయి, అమెరికాలోని వాషింగ్టనులో 1962 దాకా నడిచాయి. కాబట్టి అది తెలివితక్కువ పని అనటానికి వీలు లేదు.

అయితే ఆ కాలువ కట్టింది చెన్నపట్నంలో. ఇక్కడ సంవత్సరానికి సుమారు 140 సెంటీమీటర్ల వాన పడుతుంది. అందులో సగానికి మించి అక్టోబరు నుండి డిసెంబరు లోపలే, అంటే ఆశ్వయుజ కార్తీకాలు మొదలుకొని మార్గశిరం దాకా, ఒక్క ఊపున కురుస్తుంది. ఊరు చూస్తే పళ్ళెంలా బల్లపరుపు. నీరు సముద్రం ప్రక్కనే ఉండి కూడా సముద్రంలోకి పోదు. బ్రాడ్వే దగ్గర మోకాలి లోతు నీటిలో చెప్పులు చేతబట్టుకొని నడవనివారు మన సంఘంలో ఎవరున్నారు? ఆ నీరంతా మొదట ఎక్కడికి పోతుంది? రోడ్డులో చీలిక ఉంటే చీలికలోకి పోతుంది. నీటితోబాటు బురద, గడ్డి, పేడ అన్నీ పోతాయి. కమ్మీలు రెండూ బురదలో మునిగితే కరెంటు ట్రాముకు పోకుండా నేలలోకి పోతుంది. వర్షాల దెబ్బకు కాలువ పద్ధతి నిలవలేదు. కంపెనీ చేతులు మారింది. మదరాసు ఎలక్ట్రిక్ ట్రామ్వేస్ 1904 అనే పేరిట కొత్త కంపెనీ వచ్చింది. కాలువను వదలిపెట్టి కరెంటును స్తంభాల మీద తలపైకి ఎత్తారు. ఆ తర్వాతనే ట్రాము ఊరికి నిజంగా ఉపయోగపడింది. 1921 నాటికి సుమారు 24 కిలోమీటర్ల దారి మీద 97 బండ్లు తిరిగేవి.

చరిత్రకారులు ఈ కాలువ సంగతిని ఒక వాక్యంలో తేల్చి ముందుకు పోతారు. మాకు మాత్రం అసలు కథ ఇదే ననిపిస్తుంది. యంత్రం చెడలేదు, కరెంటు చెడలేదు. నీరు ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో ముందుగా చూడకపోవటం వల్ల పని చెడింది. ఈ మాట పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. మంచు దేశాలకు వెళ్ళాక మళ్ళీ పనికి వస్తుంది.

ట్రాము 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. కంపెనీ నష్టాల్లో మునిగిపోగా, రాజాజీగారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, ఒక అర్ధరాత్రి బండ్లు షెడ్లకు చేరి మరి బయటికి రాలేదు. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, చెన్నపట్నం అందులో లేదు. ఇది మా వ్యాసానికి సంబంధించిన విషయం కాదు గాని, 1953 పేరు ఎత్తి ఆ సంగతి అనకుండా దాటిపోవటం తెలుగువాడికి సాధ్యం కాదు. సెప్టెంబరు 30 రాత్రి తమ రాజధానిలో పడుకున్న తెలుగువారు తెల్లవారి లేచేసరికి పొరుగు రాష్ట్రంలో ఉన్నారు. ఇల్లు కదలకుండా వలస పోయినవారు ప్రపంచంలో మనవంటివారు తక్కువ. మన తర్వాత తరం నిజంగానే ఇల్లు కదిలి, ఈసారి మంచు కురిసే ఊళ్ళకు పోయింది.

ట్రాము పోయినా పైతీగ పాఠం మిగిలింది. 1931లో బీచి స్టేషను నుండి తాంబరానికి మీటరు గేజి మీద కరెంటు రైలు వేసినప్పుడు మొదటి నుండి తలపైన తీగతోనే వేశారు, 1500 వోల్టుల డైరెక్టు కరెంటుతో. కోచీలు నిలబెట్టి కడిగే యార్డులలో చూడండి: బండిలోని బ్యాటరీలకు కరెంటు ఎక్కించటానికి పట్టాల వెంబడి పెట్టెలు ఉంటాయి. పైన రేకు, మూతి క్రిందికి. నీళ్ళ గొట్టాలతో కోచీలు కడిగే చోటనే ఆ పెట్టెలూ ఉంటాయి. మేము చూసిన ఛార్జింగు పెట్టెలలో మొదటివి అవే.

ఇక మంచు దేశాల సంగతి. కరెంటు కారు నిన్న మొన్నటి వింత అని మనవారు అనుకుంటారు. 1900 ప్రాంతంలో అమెరికా రోడ్ల మీద తిరిగే మోటారు బండ్లలో సుమారు మూడోవంతు కరెంటువే. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కారు 1907లో మొదలై 1939 దాకా తయారైంది. పెట్రోలు కార్ల చక్రవర్తి హెన్రీ ఫోర్డుగారి ఇల్లాలు క్లారా ఫోర్డుగారు స్వయంగా నడిపింది ఆ కరెంటు కారునే. భర్త కారుకు ముందు నిలబడి చేతితో హాండిలు త్రిప్పాలి, భార్య కారుకు ఆ అవస్థ లేదు. 1912లో పెట్రోలు కారుకు మీట నొక్కితే బయలుదేరే సాధనం వచ్చింది, ఆ సుఖం కూడా పెట్రోలు కారుకే దక్కింది.

ఆ రోజుల్లో ఇంట్లోనే కారుకు కరెంటు ఎక్కించుకునేవారు. ఇళ్ళకు వచ్చేది ఆల్టర్నేటింగు కరెంటు, బ్యాటరీకి కావలసింది డైరెక్టు కరెంటు. దాన్ని మార్చటానికి పాదరసంతో పని చేసే పెద్ద గాజు బుడ్డి ఒకటి ఉండేది. పీటర్ కూపర్ హ్యూవిట్ అనే ఆయన 1902లో కనిపెట్టింది. చీకటిలో అది నీలి వెలుగుతో మెరిసేది. గాజు బుడ్డిని ఎవరూ మంచులో పెట్టరు గదా. కారూ, బుడ్డీ రెండూ షెడ్డులో తలుపు వేసి ఉంచేవారు. ఎడిసనుగారి నికెల్-ఇనుము బ్యాటరీ మన్నికకు పేరు పొందినా చలిలో నీరసించేది. మొత్తానికి ఆ తరం చలితో పోరాడలేదు, తలుపు వేసుకుని కూర్చున్నది.

చలికాలపు రాత్రి ఆరుబయట నిలిచిన కారుకు కరెంటు తీగ తగిలించటం అనే అలవాటు వచ్చింది, విచిత్రంగా, పెట్రోలు కారు వల్ల. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రపు గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊరు కెనడా సరిహద్దుకు దగ్గర. అక్కడి శీతాకాలంలో ఇంజనులోని నూనె బంకలా గట్టిపడి, తెల్లవారి కారు కదలదు. ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన, ఒక విద్యుత్ సహకార సంఘానికి మేనేజరు, ఇంజనులో బిగించే చిన్న హీటరు తయారు చేసి 1949లో పేటెంటు పొందాడు. రాత్రి దానికి కరెంటు తగిలిస్తే తెల్లవారేసరికి ఇంజను గోరువెచ్చగా ఉంటుంది. ఈ హీటరు వ్యాపించిన కొద్దీ, కార్లు నిలిపే చోటల్లా కరెంటు సాకెట్టు కావలసి వచ్చింది. విన్నిపెగ్, ఎడ్మంటన్, అలాస్కాలోని ఫెయిర్‌బాంక్స్, ఐరోపాలో ఫిన్లాండు: ఈ చోట్ల ఆఫీసుల ముందు, అపార్టుమెంట్ల ముందు, గుర్రాలు కట్టే గుంజల్లా వరుసగా కరెంటు గుంజలు పాతారు. కార్ల ముందు భాగం నుండి ప్లగ్గు తీగ నాలుకలా వేలాడుతూ ఉంటుంది. నేటి ఇంటి బయటి ఛార్జరుకు తాత ఎవరని అడిగితే, మేము ఈ గుంజనే చూపిస్తాము.

ఆ గుంజల దగ్గర మన తల్లిదండ్రుల ప్రశ్న మొదటిసారిగా నిజమైన ప్రశ్న అయింది. కాళ్ళ క్రింద తడి, చేతిలో తడిసిన తీగ. ఫ్యూజు ఉంది గదా అంటారేమో. ఫ్యూజు తీగను కాపాడుతుంది గాని మనిషిని కాపాడదు. మనిషి గుండె ఆగటానికి కావలసిన కరెంటు చాలా స్వల్పం. ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు, మనిషికి ఎంత కరెంటు తగిలితే ఏమవుతుందో సంవత్సరాల తరబడి పరిశోధించి, 1961లో ఒక సాధనం కనిపెట్టాడు. దాని సూత్రం మన పద్దు పుస్తకం వంటిదే. పోయిన కరెంటు ఎంత, తిరిగి వచ్చిన కరెంటు ఎంత అని అది అనుక్షణం సరిచూస్తుంది. ఒక ఆంపియరులో వెయ్యి భాగాలు చేస్తే అందులో 5 భాగాలు తేడా వచ్చినా, ఆ తేడా ఎవరి ఒంట్లోగుండానో పోతున్నదని తలచి, రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. 1970ల నుండి అమెరికాలో కొత్త ఇళ్ళ బయటి సాకెట్లకు అది తప్పనిసరి అయింది. మన ఇళ్ళలో మెయిన్ బోర్డు దగ్గర 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే స్విచ్చి పెడుతున్నారే, అది దీని దాయాదే. ఇంట్లో అది లేనివారు ఈ వ్యాసం ప్రక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియనుకు కబురు చేయటం మంచిది.

కరెంటు కారు మళ్ళీ తలెత్తినప్పుడు, 1996 డిసెంబరులో జనరల్ మోటార్సువారు ఇవి-1 అనే కారును అద్దెకు ఇవ్వటం మొదలుపెట్టారు. ఎక్కడ ఇచ్చారో చూడండి: లాస్ ఏంజెలస్‌లో, ఫీనిక్స్‌లో, టూసన్‌లో. మూడూ ఎండ ఊళ్ళు. అందులోని సీసపు బ్యాటరీలకు చలి పడదు. అయితే వాన భయం మాత్రం వారు మరువలేదు. ఆ కారు ఛార్జరుకు లోహపు ముల్లులు బయటికి కనిపించవు. ప్లాస్టిక్కు తెడ్డు ఒకటి కారు చీలికలో దూరిస్తే, తగలకుండానే అయస్కాంత శక్తి ద్వారా కరెంటు లోపలికి పోయేది. భద్రమైనదే గాని ఖరీదు ఎక్కువ, ఆ పద్ధతి నిలవలేదు.

నిలిచింది వేరే. జె-1772 అనే ప్రమాణం 1996లో మొదలై, 2009-10 ప్రాంతంలో ఇప్పటి గుండ్రని మూతి రూపానికి వచ్చింది. ఇందులోని ఉపాయం మాకు ఎంతో నచ్చింది. ఛార్జరు గోడకు ఉన్నంతసేపు దాని ముల్లులలో ప్రాణాంతకమైన కరెంటు ఉండనే ఉండదు. ఒక సన్నని తీగలో 12 వోల్టుల సంకేతం మాత్రం ఉంటుంది. మూతిని కారుకు తగిలించగానే ఆ సంకేతం 9 వోల్టులకు దిగుతుంది; "ఎవరో వచ్చారు" అని అర్థం. కారు సిద్ధమై ఒప్పుకున్నాక 6 వోల్టులకు దిగుతుంది. అప్పుడుగాని పెట్టెలోపల స్విచ్చి పడి అసలు కరెంటు బయలుదేరదు. మూతి ఊడదీయబోతే ముందు కరెంటు ఆగుతుంది, తర్వాతనే మూతి ఊడుతుంది. ఎదురుగా వచ్చే బండికి లైను ఖాళీ అని తేలనిదే సిగ్నలు ఇవ్వని స్టేషను మాష్టరు వంటిది ఈ పెట్టె. డాల్జీల్‌గారి పద్దు పుస్తకం కూడా దానిలోనే ఉంటుంది. కాబట్టి తడి చేత్తో పట్టుకుంటే ప్రమాదమా అని అడిగే తల్లులకు మా జవాబు: సరిగా బిగించిన పెట్టె అయితే, ఇంట్లో ఇస్త్రీపెట్టె పట్టుకోవటంకంటె అది తక్కువ ప్రమాదం.

"సరిగా బిగించిన" అన్న మాట దగ్గరే ఆగాలి. ఇక్కడ మళ్ళీ మన ట్రాము కాలువ గుర్తుకు వస్తుంది. చలి దేశంలో ఛార్జరుకు శత్రువు చలి అని అందరూ అనుకుంటారు. చలి ఒక్కటే అయితే అంత బాధ లేదు. కరెంటు పని చేసే చోట వేడి పుడుతుంది, చల్లగాలి దాన్ని తీసుకుపోతుంది, అది మంచిదే. శత్రువు అక్కడ కూడా నీరే. చెన్నపట్నంలో నీరు వరదై వస్తుంది, అక్కడ మూడు వేషాలు వేసుకుని వస్తుంది. పగలు కరిగి సందులలోకి దిగి రాత్రి గడ్డకడుతుంది. గడ్డకట్టే నీరు సుమారు నూటికి 9 వంతులు ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు రాయి పగులుతుంది, ప్లాస్టిక్కు మూత ఎంత? ఇంటి పైకప్పు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా జారి క్రింద ఉన్నదాన్ని బద్దలు కొడుతుంది. మూడవ వేషం అన్నిటికంటె మాయగాడిది. ఇంటిలోపలి వెచ్చని గాలిలో ఆవిరి ఉంటుంది. లోపలి మెయిన్ బోర్డు నుండి గోడ అవతలి పెట్టెకు తీగలు పోయే పైపుగుండా ఆ ఆవిరి కూడా పోతుంది. చల్లని పెట్టె తగలగానే నీటిబొట్లయి పెట్టెలోపలే కారుతుంది. బయట ఒక్క చినుకు పడకపోయినా పెట్టెలో నీళ్ళు! అందుకే పైపు గోడ దాటే చోట మైనం వంటి ముద్దతో మూసివేయాలని అక్కడి నిబంధన. బయటి నుండి చూసేవారికి ఈ ముద్ద కనిపించదు, పెట్టకపోయినా ఎవరికీ తెలియదు.

గోవిందప్ప నాయకన్ వీధిలో పచారీ వ్యాపారం చేసే ఒక పెద్దాయనకు కూతురూ అల్లుడూ మినియాపొలిస్‌లో ఉన్నారు. వారు పంపిన ఫోటోలో ఛార్జరు పెట్టెకు పైపు నెత్తిమీద నుండి దిగి ఉన్నది. నెత్తిమీద నుండి దింపకూడదనే శాసనం లేదు గాని, ఆ బిగింపు కాస్త వదులైనా పైపు వెంట కారే ప్రతి బొట్టూ లోపలికే చేరుతుంది. అడుగు నుండి ఎక్కిస్తే ఆ బాధ లేదు; వంపు తిరిగిన చోట బొట్టు క్రిందికి రాలిపోతుంది. ఈ మాట మేము చెప్పితే పెద్దాయనకు మొహమాటం వచ్చింది. అల్లుడుగారి పనిలో తప్పు పట్టటం ఎలాగని. చివరకు కూతురుకు ఫోను చేసి, "అమ్మాయీ, మన మిద్దె మీద ట్యాంకు పైపు పైనుంచి దింపితే ఏమైందో గుర్తుందా?" అని అడిగారు. అల్లుడు ఆ వారమే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనును పిలిచి పైపు మార్పించాడట. మొదటిసారి పెట్టింది లైసెన్సు లేని మనిషి అని అప్పుడు బయటపడింది.

మనవాళ్ళు డబ్బు ఆదా చేయటంలో గట్టివారు, అందులో మాకు గర్వమే. కాని ఈ ఒక్క చోట ఆదా చేయరాదు. పర్మిటు తీసుకోవాలి, తనిఖీ చేయించాలి. ఛార్జరు గంటల తరబడి ఒకే భారం మోస్తుంది, ఇది మిక్సీ వంటిది కాదు. అందుకని అమెరికా నిబంధన ప్రకారం 40 ఆంపియర్లు లాగే ఛార్జరుకు 50 ఆంపియర్ల బ్రేకరు, దానికి తగిన లావు తీగ ఉండాలి. బయట పెట్టేదానికి ప్లగ్గూ సాకెట్టూ కంటె తీగలను నేరుగా పెట్టెలోనే బిగించటం మేలు, నీరు దూరే సందు ఒకటి తగ్గుతుంది. పెట్టె మీద 3ఆర్ అని గాని 4 అని గాని తరగతి వ్రాసి ఉండాలి. వానకూ మంచు పేరుకోవటానికీ తట్టుకుంటుందని దాని అర్థం. మన వైపు, ఐరోపాలో, ఐపి 54, ఐపి 65 అని అంకెలు వేస్తారు. అందులో రెండవ అంకె నీటిని గురించినది. చాలా ఛార్జర్లు సున్నాకు దిగువ 30 డిగ్రీల సెంటిగ్రేడు దాకా పని చేస్తాయని వ్రాస్తారు, కొన్నిటికి 40 దాకా. మినియాపొలిస్‌లో 2019 జనవరి 30న సున్నాకు దిగువ 33 డిగ్రీలు పడింది. కనుక ఆ 30కీ 40కీ మధ్య తేడా అక్కడివారికి కాగితం మీది తేడా కాదు. తీగ తొడుగు కూడా చలికి మెత్తగా ఉండే రకం కావాలి. లేకపోతే జనవరిలో అది కట్టెలా బిగిసి చుట్టకు రాదు.

ఎత్తు సంగతి మనకూ పనికి వచ్చేదే. ఇంటి బయట మూతి తగిలించే కొక్కెం నేలకు కనీసం 24 అంగుళాల పైన ఉండాలని అక్కడి నిబంధన. మంచు పేరుకునే చోట ఇంకా పైన పెడతారు. మూతి నేలవైపు చూడాలి, వాడనప్పుడు తొడుగులో ఉండాలి. మన చెన్నైలో 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానుకు అపార్టుమెంట్ల అడుగు అంతస్తులలో కార్లు మునిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఇప్పుడు అదే అడుగు అంతస్తులలో మోకాలి ఎత్తున స్కూటరు ఛార్జింగు పాయింట్లు పెట్టటం మేము చూస్తున్నాము. 1895 నాటి కాలువ కట్టినవారి మనుమలు ఇంకా వ్యాపారంలో ఉన్నారని అనుకోవాలి.

చలికి నిజంగా లొంగేది పెట్టె కాదు, కారులోని బ్యాటరీ. నేటి లిథియం బ్యాటరీ గడ్డకట్టే చలిలో ఉండగా గట్టిగా కరెంటు ఎక్కిస్తే, లిథియం లోపలి పొరల్లోకి పోకుండా పైన లోహపు పూతగా పేరుకుంటుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందువల్ల కారు ముందు బ్యాటరీని వెచ్చబెట్టుకుని తర్వాతనే కరెంటు తీసుకుంటుంది. 120 వోల్టుల మామూలు సాకెట్టు నుండి 12 ఆంపియర్లు తీసుకుంటే వచ్చేది సుమారు 1400 వాట్లు, ఒక ఇస్త్రీపెట్టె కంటె కాస్త ఎక్కువ. గట్టి చలి రాత్రి అందులో పెద్ద భాగం వెచ్చబెట్టటానికే సరిపోతుంది, తెల్లవారి చూస్తే కారు ఎక్కడిదక్కడే. 240 వోల్టుల పెట్టె 40 ఆంపియర్లతో 9600 వాట్లు ఇస్తుంది, అంటే మన ఇళ్ళలోని గీజర్లు ఐదు ఒకేసారి వేసినంత. వెచ్చబెట్టగా మిగిలింది కూడా కావలసినంత ఉంటుంది.

2024 జనవరి నడుమ చికాగోలో గట్టి చలి పడినప్పుడు రోడ్డు ప్రక్క ఛార్జింగు స్టేషన్ల దగ్గర కరెంటు కార్లు గంటల తరబడి బారులు తీరి, కొన్ని అక్కడే చచ్చి పడి ఉన్న చిత్రాలు ప్రపంచమంతా చూసింది. కరెంటు కారు చలికి పనికిరాదని చాలామంది ఎగతాళి చేశారు. నార్వే చికాగోకంటె ఉత్తరాన ఉన్నది. అక్కడ 2024లో అమ్మిన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 పూర్తిగా కరెంటు కార్లే. ఎక్కువమంది రాత్రి ఇంటి దగ్గరే తగిలించి పడుకుంటారు. తగిలించి ఉన్న కారు గోడ కరెంటుతో బ్యాటరీని వెచ్చగా ఉంచుకోగలదు, బయలుదేరే వేళ చెప్పితే లోపలి సీట్లు కూడా వెచ్చబెడుతుంది. చికాగో స్టేషన్లకు వచ్చిన కార్లు చల్లబడిన బ్యాటరీలతో వచ్చాయి. వెచ్చబడేదాకా ఒక్కొక్కటీ గంటలు తీసుకున్నది, వెనుకవాటికి వంతు రాలేదు.

గోడ లేనివారు, అంటే కారు నిలిపే చోటు ఇంటికి దూరంగా ఉన్నవారు, ఫ్రీమన్‌గారి గుంజ వంటిది పాతుకోవలసి వస్తుంది. అప్పుడు నేల సంగతి చూడాలి. అక్కడి నేల పైపొర శీతాకాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, వేసవికి దిగుతుంది. లోతు తక్కువ పాతిన గుంజను రెండు మూడేళ్ళలో పైకి నెట్టి ప్రక్కకు వాల్చుతుంది. మినెసోటా రాష్ట్రంలో పునాది లోతు దక్షిణపు సగంలో 42 అంగుళాలు, ఉత్తరపు సగంలో 60 అంగుళాలు ఉండాలని నిబంధన ఉన్నది. అటువంటి నేలను జనవరిలో గునపంతో త్రవ్వటం మనిషివల్ల కాదు. మన ఉగాది పచ్చడి నాటికి మినియాపొలిస్‌లో మంచు కరగటం మొదలుపెడుతుంది, ఏప్రిల్ చివరికి నేల మెత్తబడుతుంది, అక్టోబరు దాకా త్రవ్వటానికి వీలు. పిల్లలు ఈ సంవత్సరం కారు కొనే ఆలోచనలో ఉంటే, పండుగ ఫోనులో వారితో ఆ నెలల లెక్క మాట్లాడవచ్చు.